పదకొండో చెవికి కరెంటు వంతు

మొదటి రోజు

ఇది ఎండ విమానం 'తూనీగ'లో కరెంటు లస్కరు గున్నమ్మ రాసే వంతుల పుస్తకం. ఏ సీటుకి ఎంతసేపు కరెంటు వదిలానో మాత్రమే ఇందులో రాయాలని ఆఫీసువాళ్ళ ఆజ్ఞ. ఇంతకు ముందు నేను రాసిన ఆరు పుస్తకాల్లో ఒక్కదాన్నీ వాళ్ళు తెరిచి చూసిన పాపాన పోలేదు. అందుకని ఇందులో నాకు తోచింది రాసుకుంటున్నాను.

పొద్దున్న తొమ్మిదికి కాకినాడలో లేచాం. తెల్లదిబ్బ దీవికి ఏడు రోజుల ప్రయాణం, ఇరవై మంది ప్రయాణికులు. రెక్కల మీద పడే ఎండలో ముప్పాతిక వంతు మోటార్లే తాగేస్తాయి. మిగిలినదాన్ని సీట్ల పక్కనున్న ప్లగ్గులకి వదలడం నా పని. సీటుకి రోజుకి ఒక గంట. సాయంత్రం ఐదయ్యేసరికి అన్నీ కట్టేస్తాను. మా నాన్న వంశధార కాలవ మీద లస్కరుగా చేసేవాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, రైతుల చేత తిట్లు తినడం ఆయన ఉద్యోగం. నేను అదే ఉద్యోగం మబ్బుల్లో చేస్తున్నాను. తిట్లలో మాత్రం ఏ తేడా లేదు.

ఒకటో సీటులో వీరభద్రం గారు. తెల్లదిబ్బలో ఉన్న వాతావరణ కేంద్రాన్ని తనిఖీ చెయ్యడానికి వెళ్తున్న పెద్ద అధికారి. విమాన నిబంధనల పుస్తకం మొత్తం ఆయనకి కంఠతా వచ్చు. ఆయనకి కరెంటుతో వేడెక్కే చెప్పులున్నాయి. గంట అయిపోయాక కూడా వాటిని ప్లగ్గులోంచి తియ్యరు. అడిగితే "గంట అంటే ఎవరి గడియారం ప్రకారం?" అంటారు. కింది పొలాలకి నీళ్ళు వదలని ఎగువ పొలం రైతుని చూసినంత ఆనందమైంది నాకు.

పద్నాలుగో సీటులో తలుపులమ్మ అనే ఆవిడ. తుని వైపు మనిషి, యాభై దాటుంటాయి. ఒళ్ళో ఒక నల్లటి బరువైన పెట్టె.

"ఏటమ్మా అది? ఇస్త్రీ పెట్టేటి?" అన్నాను.

"ల్యాప్‌టాపండి. మా మావగారిది. డెబ్భై ఏళ్ళ కిందటిదైనా శుభ్రంగా పన్చేత్తదండి," అంది.

అలాంటిదాన్ని మ్యూజియంలో తప్ప నేను ఎక్కడా చూడలేదు. దాని తీగని మా అడాప్టరుకి తగిలించింది. అడాప్టరంటే సీటు చేతికి బిగించిన అరచేయంత డబ్బా. ఏ దేశపు ప్లగ్గయినా దూరడానికి దానికి రకరకాల కన్నాలుంటాయి. డెబ్భై అయిదు వాట్లు దాటి లాగితే మాత్రం ఎర్ర దీపం వెలిగించి అలిగి కూర్చుంటుంది. తగిలించిన నిమిషానికే అలిగింది. మళ్ళీ పెడితే మళ్ళీ అలిగింది. మూడోసారికి తలుపులమ్మ కళ్ళనిండా నీళ్ళు.

అప్పుడు చెప్పింది. ఆవిడ చెవిగింజల మెకానిక్కు. వినపడనివాళ్ళకి చెవి వెనక ఎముకలో పెట్టే గింజలు. తెల్లదిబ్బలో పదకొండు మందికి తనే పెట్టింది. ఆ గింజలు చేసిన కంపెనీ మూతపడింది. వాటి గడువు ఏడో రోజు సాయంత్రం ఆరు గంటలకి తీరిపోతుంది. ఈలోగా ఒక్కొక్కరికీ కొత్త పాఠం రాసి, గోరంత చిప్పులో పెట్టి, గింజకి తాకించాలి. లేకపోతే ఆ పదకొండు మందికీ ఇంక ఏమీ వినపడదు. ఆ పాఠం రాయడం ఈ ల్యాప్‌టాపు ఒక్కదానికే వచ్చు. దీవిలో వాళ్ళ కొలతలు నిన్ననే చేతికొచ్చాయి. ఈ విమానం నాలుగు నెలలకొకసారి వెళ్తుంది. దీవిలో ఉన్న గాలిమర కరెంటు పెడితే ల్యాప్‌టాపు కాలిపోతుంది.

"అంటే ఏం చేసినా గాల్లోనే చెయ్యాలండి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

రెండో రోజు

పొద్దున్న ఆ ల్యాప్‌టాపుని తిరగేసి చూశాను. అడుగున ఇంకో చిన్న పెట్టె. బ్యాటరీ అట. పూర్తిగా ఎండిపోయి ఉంది. నాకు మా ఊరి పొలాలు గుర్తొచ్చాయి. మడి మధ్యలో ఎండిన గుంట ఉంటే కాలవ నీళ్ళు ముందు ఆ గుంటే తాగేస్తుంది, మొక్కలకి చేరదు.

"ఈ గుంట తీసెయ్యమ్మా. తిన్నగా కాలవలోంచే తాగమను," అన్నాను.

బ్యాటరీ పీకేసి తగిలించింది. అడాప్టరు పచ్చ దీపం వెలిగించింది. ల్యాప్‌టాపు లేచి సంగీతం కూడా వాయించింది. విమానం అంతా చప్పట్లు కొట్టారు, వీరభద్రం గారు తప్ప. ఆ సంగీతం వల్ల తన కునుకు చెడిందట.

ఒక్కటే చిక్కు. బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు ఆగిన క్షణం ల్యాప్‌టాపు ఆగిపోతుంది. రాసిందంతా పోతుంది. ఒక చెవికి పాఠం రాయడానికి గంటన్నర. ఆవిడ వంతు గంట. సరిగ్గా గంటకి నేను కట్టేశాను, సగంలో ఉన్న పాఠం గాల్లో కలిసిపోయింది. నేను కట్టకుండా ఉండవలసిందేమో. కానీ ఒకరికి వదిలితే అందరికీ వదలాలి. ఈ ముక్క అనడానికే లస్కరుకి జీతం ఇస్తారు.

ఆవిడ పక్కన పదిహేను, పదహారు సీట్లలో కొత్తగా పెళ్ళయిన జంట ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తప్ప ఇంకే పనీ చెయ్యరు. దానికి కరెంటు అక్కర్లేదు కదా. వాళ్ళ సీట్లకున్న మళ్ళింపు మీట నొక్కమన్నాను. అది నొక్కితే వాళ్ళ వంతు కరెంటు పద్నాలుగుకి పోతుంది. రెండు గంటలు కలిసొచ్చాయి. సాయంత్రానికి ఒక చెవి పూర్తయింది.

మూడో రోజు

ఇవాళ రెండు చెవులు. మొత్తం మూడు.

మధ్యాహ్నం తలుపులమ్మ నాకు తను తెచ్చుకున్న పూతరేకు ఇచ్చింది. నేను టీ ఇచ్చాను. వరసలు కూడా కలిశాయి, ఒకరినొకరం వదినా అనుకుంటున్నాం. ఆమె దగ్గర పేర్ల కాగితం ఉంది. లెక్కపెట్టాను. పదే ఉన్నాయి.

"పదకొండోది ఎవరిది వదినా?"

కాగితం మడతపెట్టింది. "మా ఆయనదండి. లోవరాజు. ఆ దీవిలో విమానాలకి రేడియోలో దారి చెప్పే ఉద్యోగం."

"మరి కాగితంలో లేడేం?"

"అందరూ కొలతలు పంపారు. ఆయన పంపలేదు. నన్ను అడగడం నామోషీ కదండీ! ఆ కంపెనీ నిలబడదే, వాళ్ళ గింజలు జనానికి పెట్టకే అని మూడేళ్ళ కిందట మొత్తుకున్నాడు. నీకేం తెలుసు, నోరుమూసుకో అన్నాను. పది మందికీ అవే పెట్టాను. ఆయనకీ అంతకు ముందే పెట్టున్నాను. ఆయన అలిగి దీవికి వెళ్ళిపోయాడు. అప్పట్నించి ఉత్తరం ముక్క లేదండి."

"కొలతలు లేకుండా ఎలగ రాస్తావు?"

"ఆయన చెవి నాకు తెలీదా వదినా! ఏ మాట వినపడనట్టు నటిస్తాడో కూడా తెల్సు." నవ్వింది కానీ చేతిలో పూతరేకు పొడైపోయింది. "ఆయనది ఆఖర్న రాస్తాను. వడ్డించేవాళ్ళు తమ ఇంటివాళ్ళకి ముందు వడ్డించుకుంటే బాగోదు కదండీ."

నాకు కోపం వచ్చింది. ఈ మొహమాటంలో ఆ మనిషి చెవులు పోతాయేమోనని భయం కూడా వేసింది. ఆ మాటే చెప్పాను. ఆమె వినలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు.

ఇంతలో వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. "ముప్పై ఒకటో నిబంధన. ఒక సీటుకి రోజుకి రెండు మళ్ళింపులు మించకూడదు. ఇవాళ మూడయ్యాయి. రేపు ఒక్కటి దాటినా నా నివేదికలో రాస్తాను. ఏవమ్మా లస్కరూ, వింటున్నావా?"

"వింటున్నాను బాబూ. నా చెవులు బాగానే ఉన్నాయి," అన్నాను.

తర్వాత ఒక్కొక్కరే తల ఊపారు. రూలు రూలే అన్నారు. ప్రభుత్వంలో పనిచేసేవాళ్ళే సగం మంది. నివేదిక అన్న మాట వింటే వాళ్ళకి గొంతు తడారిపోతుంది. కొత్త పెళ్ళికూతురు కూడా "అవునండి, పద్ధతంటూ ఉండాలి" అంది. నాకు ఆ పిల్ల మీద అసహ్యం వేసింది.

నాలుగో రోజు

ఇవాళ మబ్బు. కెప్టెన్ జుబేదా నన్ను పిలిచి వంతులు సగానికి తగ్గించమంది. సీటుకి అరగంట. అంటే ఒక చెవికి తన అరగంట, రెండు మళ్ళింపులు. నిబంధన ప్రకారం సరిగ్గా ఒక్క చెవే అవుతుంది. ఆ రెండైనా ఇచ్చేవాళ్ళుంటే కదా! పొద్దున్నించి ఎవరూ తలుపులమ్మ వైపు చూడటం లేదు. అందరికీ కిటికీలోంచి మబ్బులు తెగ నచ్చేశాయి.

పదకొండు గంటలకి ఆమె వంతు మొదలైంది. మొదలైన నిమిషంలో పద్నాలుగో సీటు అడాప్టరు 'కుయ్' మంది. ప్లగ్గులన్నిటికీ కరెంటు పంచే పెద్ద డబ్బాలో ఏదో టప్పుమంది. విమానంలో ఉన్న ప్లగ్గులన్నీ ఎర్రబడ్డాయి.

పెద్ద డబ్బా తెరిచి నమోదు కాగితం లాగి చూశాను. పదకొండు గంటల ఒక నిమిషానికి పద్నాలుగో సీటుకి వచ్చిన మళ్ళింపులు ఇరవై.

ఇరవై! ఎవరికి వాళ్ళు, దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఇంకెవరూ ఇవ్వరు కదా పాపం అనుకుని మీట నొక్కారు. ఒకరికి తెలియకుండా ఒకరు. పైకి రూలు రూలే అన్న మనుషులు. ఇంతమంది వాటా ఒక్కసారి మీదపడేసరికి పెద్ద డబ్బా దీన్ని దొంగతనం అనుకుని తాళం వేసుకుంది. ఇరవై నాలుగు గంటల దాకా అది ఎవరి మాటా వినదు. తలుపులమ్మకి కరెంటు లేదు, ఇంకెవరికీ లేదు. బహిరంగంగా ఇద్దరు ఇచ్చుంటే ఒక చెవి అయిపోయేది. రహస్యంగా ఇరవై మంది ఇచ్చి ఒక రోజంతా పోగొట్టారు. మంచితనం చూపించడానికి ఇంత సిగ్గుపడే జాతిని నేను కాలవ మీద కూడా చూడలేదు.

కాగితం చేతిలో పట్టుకుని నడవాలో నిలబడ్డాను. "సీట్ల నంబర్లు చదవమంటారా?"

అందరూ మళ్ళీ కిటికీల వైపు తిరిగారు. పదిహేను, పదహారు కూడా ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురా, నన్ను క్షమించు. మూడో రోజు ఆఖరి వాక్యం కొట్టేశాననుకో.

అన్నిటికంటే పైన ఒకటో సీటు. వీరభద్రం గారు చెప్పుల వైపు చూసుకుంటూ "కాలు తగిలి ఉంటుంది" అన్నారు.

ఇరవైలో ఒకటి లస్కరు సీటు. దాని గురించి నేను విచారణ జరపదలచుకోలేదు.

తలుపులమ్మ ఏడవలేదు. ల్యాప్‌టాపు మూసి, "ఇంతమంది ఇచ్చారా అండీ?" అని మాత్రం అడిగింది. ఇంకా ఎనిమిది చెవులు మిగిలాయి.

అయిదో రోజు

పొద్దున్నే వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు. ముప్పై ఒకటి తర్వాత ముప్పై రెండు ఉంటుందని ఆయనకి ఇప్పుడే గుర్తొచ్చిందట. వైద్య అవసరం ఉంటే మళ్ళింపులకి పరిమితి లేదు.

"ముందే గుర్తు రాకూడదా బాబూ?" అన్నాను.

"నిబంధనలు వరసలో గుర్తొస్తాయి," అన్నారు.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. భోజనాలకిచ్చిన కాగితపు రుమాలు మీద గళ్ళు గీసి, ఎవరి తర్వాత ఎవరు మీట నొక్కాలో రాసి, గడియారం పట్టుకుని నడవాలో పచార్లు మొదలుపెట్టారు. "ఏడో సీటు, సిద్ధం! ఎనిమిదో సీటు, మీ చెయ్యి మీట మీద లేదు, పల్లీల మీద ఉంది!" నా ఉద్యోగం పోయినట్టే అనిపించింది. పదకొండింటికి తాళం విడింది. మబ్బులోనే, అరగంటలు కలుపుకుంటూ, సాయంత్రానికి మూడు చెవులు రాసింది. మొత్తం ఆరు.

వేడి చెప్పులు లేక ఆయన పాదాలు నీలంగా ఉన్నాయి. నా ఉన్ని మేజోళ్ళు ఇచ్చాను. గులాబీ రంగువి. ఈ పుస్తకంలో రాయనని నా దగ్గర మాట తీసుకుని వేసుకున్నారు.

ఆరో రోజు

ఎండ! విమానం అంతా చెమటలు. పొద్దున్నించి తలుపులమ్మ భోజనానికి కూడా లేవలేదు. పక్క సీటు పెళ్ళికూతురు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. నాలుగు చెవులు అయ్యాయి. మొత్తం పది. కాగితంలో పేర్లన్నీ అయిపోయాయి.

మూడున్నరకి లోవరాజుది మొదలుపెట్టింది. కాగితం లేదు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ, తనలో తను ఏవో అంకెలు చెప్పుకుంటూ రాస్తోంది. నాలుగుంపావుకి ఎదురుగాలి మొదలైంది. మోటార్లకి ఎక్కువ కావాలి, ప్లగ్గులు కట్టెయ్యమంది కెప్టెన్.

షట్టరు దించడం నాకెప్పుడూ కష్టం కాలేదు. ఇవాళ చెయ్యి రాలేదు. అయినా దించాను. గాల్లో ఇంతమంది ఉన్నాం. ల్యాప్‌టాపు తెర నల్లబడింది.

"ముందే చెప్పానా ఆయనది ముందు రాయమని!" అని అరిచాను. అరవడం తప్పే. నాకు ఏడుపు వచ్చి అరిచాను.

తలుపులమ్మ మెల్లిగా అంది. "రేపు పొద్దున్న కొంచెం టైముంటది కదండీ."

రేపు ఎనిమిదింటికి ప్లగ్గులు తెరుస్తాను. తొమ్మిదింటికి విమానం కిందికి దిగడం మొదలుపెడుతుంది. దిగడం మొదలయ్యాక ప్లగ్గులన్నీ వాటంతటవే మూసుకుంటాయి. గంటే ఉంది. కావలసింది గంటన్నర. ఈ లెక్క విమానంలో అందరికీ తెలుసు.

ఏడో రోజు

ఎనిమిదింటికి పద్నాలుగుకి వదిలాను. మిగతా ప్లగ్గుల్లో ఏమీ లేదు. తలుపులమ్మ రాస్తోంది.

ఎనిమిదీ యాభైకి కింద దీవి కనపడింది. తెల్లటి ఇసుక, గాలిమరలు, ఒక రేకుల షెడ్డు. బెల్టులు పెట్టుకోమని కెప్టెన్ చెప్పింది. అందరి బెల్టులూ బిగిస్తేనే ఆమె ముందున్న పలకలో దీపాలన్నీ వెలుగుతాయి. ఒక్కటి వెలగకపోయినా దిగకూడదు. అది పన్నెండో నిబంధన.

తొమ్మిదింటికి స్పీకరులో జుబేదా గొంతు. "గున్నమ్మా, ఒకటో సీటు దీపం వెలగలేదు."

వెళ్ళి చూశాను. వీరభద్రం గారు బెల్టు ఒళ్ళో పెట్టుకుని భూతద్దంతో పరీక్షిస్తున్నారు. "ఈ కుట్టు నాకు నమ్మకంగా లేదు. తనిఖీ చెయ్యకుండా బిగించుకోవడం నా వృత్తికే అవమానం."

విమానం దీవి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఆయన తనిఖీ ముగించి బిగించుకున్నారు. వెంటనే అయిదో సీటు దీపం ఆరింది. అక్కడి పెద్దాయన బెల్టు మీద కూర్చున్నారట, ఏది బెల్టో ఏది దుప్పటో తెలియడం లేదట. ఇంకో చుట్టు. పదకొండో సీటావిడకి తుమ్ములు. కొత్త జంట పొరపాటున ఒకరి బెల్టు ఒకరికి బిగించుకున్నారు. విడదియ్యడానికి చాలాసేపు పట్టింది, పాపం వాళ్ళకి తొందర కూడా లేదు.

స్పీకరులో జుబేదా. "ఎండ బాగుంది, నాకు చుట్లకేం కొరత లేదు. కానీ తర్వాత ఎవరి బెల్టో ముందే చెబితే, ఏ వైపు తిరగాలో చూసుకుంటాను."

అప్పుడే కింది నుంచి రేడియో గరగరలాడింది. "తూనీగా, తెల్లదిబ్బ నుంచి. ఎందుకలా గద్దలాగ తిరుగుతున్నారండీ? ఏం కష్టమొచ్చింది?"

"సీటు బెల్టులు," అంది జుబేదా.

"ఏడు రోజులు కూర్చున్నారు కదండీ, బెల్టెట్టుకోడం నేర్చుకోలేదా ఎవరూ?"

తలుపులమ్మ వేళ్ళు ఆగిపోయాయి. ఆ గొంతు ఎవరిదో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్ళ తర్వాత వింటోంది. తెర మీంచి కళ్ళు తియ్యకుండా "అరవకయ్యా, పనిలో ఉన్నాను" అని గొణిగి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు మీటల మీద పడుతున్నాయి. పెళ్ళికూతురు చున్నీతో తుడుస్తోంది, మీటల్ని.

తొమ్మిదిన్నర దాటింది. ప్రయాణికులందరి సాకులూ అయిపోయాయి. ఇరవై దీపాలూ వెలిగాయి. ఆఖరి దీపం లస్కరు సీటుది. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేను ఎప్పుడూ ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యలేదు. నడవాలో నిలబడి నా జడ విప్పి, మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టాను. జడ చెదిరితే లస్కరు కూర్చోకూడదని నిబంధన ఉందేమో వీరభద్రం గారిని అడిగాను. "లేదు," అన్నారు ఆయన, "ఇవాళ రాస్తాను."

తొమ్మిదీ నలభై మూడుకి తలుపులమ్మ చిప్పు బయటికి లాగింది. నేను వెళ్ళి కూర్చున్నాను.

సాయంత్రం, దీవిలో రాస్తున్నాను.

మధ్యాహ్నమే పది మందికి చిప్పులు తాకించింది. లోవరాజు వరసలో ఆఖర్న నిలబడ్డాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆమె అతని చెవి వెనక చిప్పు పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. అయిపోగానే వెనక్కి వెళ్ళిపోయింది.

ఆరు గంటలకి పాత పాఠాలన్నీ ఆగిపోయాయి. పదకొండు మందీ ఇసుకలో సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డారు. మెకానిక్కులు పరీక్ష చేసే పద్ధతి ఒకటుంది. పది అడుగులు వెనక నిలబడి, ఆ మనిషి అస్సలు ఊహించలేని మాట ఒకటి మామూలు గొంతుతో అనాలి. ఊహించే మాటైతే వినపడకపోయినా చెప్పెయ్యగలరట. ఒకరి వెనక నిలబడి "సీతాఫలం" అంది. అతను సీతాఫలం అన్నాడు. ఇంకొకామె వెనక "మంగలి కత్తి" అంది. ఆమె నవ్వుతూ తిరిగి చెప్పింది. పదిమందీ చెప్పారు. మా విమానం వాళ్ళందరం అక్కడే నిలబడ్డాం. వీరభద్రం గారు గులాబీ మేజోళ్ళతోనే ఉన్నారు.

పదకొండోవాడి వెనక ఆమె పది అడుగులూ రెండుసార్లు కొలుచుకుంది. కొలతలు లేకుండా రాసిన పాఠం. అతను కదలకుండా నిలబడ్డాడు. నేను అతనికి ఎదురుగా ఉన్నాను కాబట్టి ముఖం కనపడుతోంది. కొత్త పాఠం పలికిందో లేదో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

తలుపులమ్మ మామూలు గొంతుతో అంది.

"నువ్వు చెప్పిందే నిజం."

లోవరాజు మీసం కింద పెదవులు వణికాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నవ్వొచ్చింది, దాన్ని గట్టిగా బిగపట్టి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఏంటీ? సరిగ్గా వినపళ్ళేదే. ఇంకోసారి చెప్పు."

అతనికి వినపడిందని నాకు తెలిసింది. వెనక నుంచి అతని భుజాలు అదరడం చూసిన ఆమెకీ తెలిసింది. అయినా ఇంకోసారి చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా.